బత్తాయి లారీ వెనకాలే మన కారు

ఆదివారం పొద్దున నల్గొండ నుంచి హైదరాబాద్ వైపు పోయే కార్లను చూసి జనం రకరకాలుగా అనుకుంటున్నారు. పెళ్లికని కొందరు, దవాఖానకని కొందరు. ఇంకొందరైతే మరీ నోటికొచ్చినట్టు, "తిండికి పోతున్నారు, వంద కిలోమీటర్లు పోయి బిర్యానీ తిని రావడం ఒళ్లు బలిసి కాకపోతే ఏంది" అంటున్నారు. ఈ అపవాదును ఖండించాల్సిన బాధ్యత నా మీద పడింది. మనం తినడానికి పోవడం లేదు. తనిఖీకి పోతున్నాం. తినడం తనిఖీలో భాగం.

ఎందుకు తనిఖీ అంటారా? మన పొలాల్లో పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యమై లారీ ఎక్కుతాయి. మన బత్తాయిలు హైదరాబాద్ శివారులోని బాటసింగారం పండ్ల మార్కెట్ దారి పడతాయి. సీతాఫలాల్లో పాలమూరు జిల్లా బాలానగర్ పేరు మీద ఏకంగా ఒక రకమే ఉంది. సీజన్ వచ్చిందంటే సీతాఫలం గుజ్జు మొజంజాహి మార్కెట్ దగ్గర ఐస్‌క్రీమ్ కప్పుల్లోకి చేరుతుంది. జొన్నలు, గొర్రెలు, చింతపండు సంగతి సరేసరి. ఇంత సరుకు పంపించి, అక్కడ దానికి ఏ గతి పట్టిందో చూడకుండా ఇంట్లో ఎట్లా కూర్చుంటాం? కూతురిని అత్తారింటికి పంపిన తండ్రి నెలకోసారైనా పోయి చూసి రాడా?

పంతంగి టోల్‌గేట్ దగ్గర ఈ వ్యవస్థ మొత్తం ఒక్క చూపులో అర్థమవుతుంది. ఒక వరుసలో బత్తాయిల లారీ, పక్క వరుసలో బత్తాయి రైతు కారు. ఇద్దరి ఫాస్టాగ్ నుంచీ పైసలు పోతాయి. లారీ ముందు పోయి కాయలు దించుతుంది. రైతు వెనకాల పోయి, ఏసీ హోటల్లో కూర్చుని, 'ఫ్రెష్ మొసంబి' అని రాసి ఉన్న గ్లాసును కిలోకు తనకిచ్చిన రేటుకు ఎన్నో రెట్లు పెట్టి తాగి, "మంచిగున్నది" అని సర్టిఫికెట్ ఇచ్చి వస్తాడు. ఇంత నిజాయితీగల నాణ్యతా పరీక్ష దేశంలో ఇంకే పంటకైనా ఉందా?

తనిఖీకి వచ్చినవాళ్లకు అక్కడ దొరికే మర్యాద మాత్రం బాగాలేదు. గుమ్మం దగ్గర ఒక పుస్తకంలో మన పేరు, ఎంతమందిమో రాసుకుని బయట నిలబెడతారు. మన దగ్గర పెళ్లిలో రెండో బంతి పది నిమిషాలు లేటయితే ఆడపిల్లవాళ్లు ఆ మాటను మనవడి పుట్టువెంట్రుకలు తీసేదాకా పడాలి. ఇక్కడేమో "ఇంకో ఇరవై నిమిషాలు సార్" అంటే, పెళ్లిలో అలిగే ఆ చుట్టమే పళ్లికిలిస్తూ తలూపుతాడు.

మొన్న మేం తనిఖీ చేసింది పల్లెటూరి సెట్టింగ్ వేసిన హోటల్. గోడకు ఎడ్లబండి చక్రం, మూలన కందిలి, సర్వర్ల నెత్తికి ఎర్ర రుమాలు. మా మేనత్తను వెంట తీసుకుపోయాం. దేవరకొండ దగ్గరి ఊరు ఆమెది. జీవితమంతా జొన్నరొట్టెలు కొట్టిన చెయ్యి. ముందుగా చిన్న గాజు గ్లాసుల్లో పచ్చిపులుసు వచ్చింది, వెల్‌కమ్ డ్రింక్ అట. అత్త గ్లాసు పట్టుకుని చాలాసేపు చూసి, "దీంట్ల కలుపుకోనీకి బువ్వేది బిడ్డా?" అని అడిగింది. బువ్వ తర్వాత వస్తుందని, ఇది ఊరికే తాగాలని ఆ పిల్లగాడు ఇంగ్లిష్ కలిపి చెప్పాడు. తర్వాత రొట్టె వచ్చింది. అరచేతి కంటే కొంచెం పెద్దది. అత్త దాన్ని తిరగేసి అంచు తడిమింది. "ఎసరు మసలకముందే పిండి కలిపిండ్రు, అందుకే పగిలింది. గుండ్రంగ రానీకి గిన్నె మూతతోని కోసిండ్రు. చేతితోని కొట్టిన రొట్టెకు వేళ్ల అచ్చులుండాలె" అని తీర్పు చెప్పింది. ఆ ఒక్క రొట్టె ధరకు మా దగ్గర కిలోకు పైనే జొన్నలొస్తాయి.

అప్పుడు అత్త, తనిఖీ అధికారులెవరూ అడగని ప్రశ్న అడిగింది: "నీది ఏ ఊరు బిడ్డా?" పిల్లగాడు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అచ్చంపేట దగ్గర, అవ్వా" అన్నాడు. మేనేజర్ ఇటు రాగానే మళ్లీ "ఎనీథింగ్ ఎల్స్, మ్యామ్?" అని మొదలుపెట్టాడు. అంటే జొన్నలు మనవే, పిల్లగాడు మనవాడే, తినేదీ మనమే. హైదరాబాద్ పెట్టుబడి ఆ ఎడ్లబండి చక్రం ఒక్కటే. అది కూడా ఎక్కడి నుంచి కొనుక్కుపోయారో నాకు అనుమానమే.

నీళ్ల దగ్గర వ్యవహారం ఇంకా రంజుగా ఉంటుంది. "రెగ్యులర్ వాటరా సార్, బాటిలా?" అంటారు. రెగ్యులర్ అంటే ఏంటో కొంచెం వివరిస్తాను. నాగార్జునసాగర్ నీళ్లను మన జిల్లాలోని అక్కంపల్లి రిజర్వాయర్‌లో నింపి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, పెద్ద పెద్ద మోటార్లతో ఎత్తి హైదరాబాద్‌కు పంపిస్తారు. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన ఊళ్ల మీదుగానే ఆ పైపులు పోయాయి. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని ప్రపంచమంతటా మన పేరే పెట్టుకున్నారు. పేరు మనకు మిగిలింది, నీళ్లు ఎన్నో ఏళ్లు పైపులోనే ముందుకు పోయాయి. అందుకని నేను ఎప్పుడూ రెగ్యులరే అడుగుతాను. చుట్టపుచూపుగా పోయినా మన నీళ్లు మనం తాగడంలో తప్పులేదు.

పాలమూరువాళ్ల తనిఖీ వేరే రకం. వాళ్లు తిండి కంటే ముందు బిల్డింగ్ చూస్తారు. నాకు తెలిసిన జడ్చర్ల మేస్త్రీ ఒకాయన కొడుకు ఉద్యోగం దావత్ ఇస్తానంటే గచ్చిబౌలిలో పైఅంతస్తు హోటల్‌కు పోయాడు. గోడలకు సిమెంట్ పూయకుండా ఇటుకలు కనబడేలా వదిలేశారు, పైన పైపులు, వైర్లు వేలాడుతున్నాయి. ఆయన మెనూ పక్కన పెట్టి, లేచి, గోడను వేలితో తట్టి, "పాపం, పని మధ్యల వదిలేసిండ్రు. పైసలియ్యలేదో ఏమో" అని బాధపడ్డాడట. అదే ఇప్పుడు ఫ్యాషనని కొడుకు ఎంత చెప్పినా నమ్మలేదు. కూలి ఎగ్గొట్టినప్పుడు గోడలు ఎట్లా మిగులుతాయో ఆయనకు తెలిసినంతగా ఆర్కిటెక్ట్‌కు తెలియదు కదా.

ఇక బిర్యానీ. బాస్మతి మన జిల్లా పంట కాదు కాబట్టి అది మన తనిఖీ పరిధిలోకి రాదు. అయినా మానవతా దృక్పథంతో తింటున్నాం.

ఈ కష్టమంతా ఎందుకు, నల్గొండలోనే తినొచ్చు కదా అనే అమాయకులు ఉన్నారు. వాళ్లు ఒక్కసారి క్లాక్ టవర్ సెంటర్‌కు వచ్చి బోర్డులు చదవాలి. హైదరాబాదీ దమ్ బిర్యానీ, హైదరాబాదీ ఇరానీ చాయ్, అరేబియన్ మందీ. జొన్నరొట్టె తినాలంటే సిటీకి పోవాలి, సిటీ తిండి తినాలంటే ఇక్కడే ఉండాలి. దీన్ని ఆర్థికవేత్తలు ఏమంటారో కానీ, పెట్రోల్ బంకులవాళ్లు మాత్రం అభివృద్ధి అంటున్నారు.

2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార రంగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. సంతోషం. పంటకు సృజన అవసరం లేదు కాబట్టి మన పేరు రాయలేదని నేను సర్దిచెప్పుకున్నాను. కానీ మా చిన్నాయన సర్దుకునే రకం కాదు. బిల్లు వచ్చినప్పుడు ఆయనే చదువుతాడు. సర్వీస్ చార్జి తనంతట తానుగా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పిందని ఆయనకు కంఠతా వచ్చు. మొన్న ఆ లైన్ కొట్టేయించి, ఆ మిగిలిన పైసలు తీసి అచ్చంపేట పిల్లగాడి జేబులో పెట్టాడు. మేనేజర్ ముఖం చూడాల్సిందే.

వచ్చే ఆదివారం కొండాపూర్ పోవాలని అనుకుంటున్నాం. అక్కడొక కొత్త హోటల్ పడిందట, పొలం నుంచి నేరుగా మీ పళ్లెంలోకే అని బయట పెద్ద బోర్డు పెట్టారట. పొలం ఎవరిదో, ఏ సర్వే నంబరో కనుక్కోవాలని చిన్నాయన పట్టాదారు పాసుబుక్కు ఇప్పటికే సంచిలో పెట్టుకున్నాడు.