కాల్పులు ఆగితే ఆక్రమణ ఆగినట్టేనా?

గాజాలో 2025 అక్టోబరు 10న కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. ప్రపంచం ఊపిరి పీల్చుకుంది, టీవీ చానళ్లు వేరే వార్తలకు మళ్లాయి. అదే నెలలో ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న ఇంకో పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో ఆలివ్ కోతలు మొదలయ్యాయి. పాలస్తీనీయుల మీద, వాళ్ల ఇళ్ల మీద, తోటల మీద సెటిలర్లు (ఆక్రమిత భూమిలో సెటిల్‌మెంట్లు అనే కాలనీలు కట్టుకున్న ఇజ్రాయెలీలు) ఆ ఒక్క నెలలో చేసిన దాడులు 260కి పైనే అని ఐక్యరాజ్యసమితి మానవతా వ్యవహారాల కార్యాలయం లెక్క తేల్చింది. 2006లో ఈ లెక్కలు రాయడం మొదలుపెట్టాక అప్పటిదాకా ఏ నెలలోనూ ఇన్ని దాడులు జరగలేదు. శాంతి వచ్చిందని చెప్పిన నెల పరిస్థితి ఇది.

2023 అక్టోబరు 7న హమాస్, దాని వెంట ఉన్న సాయుధ ముఠాలు సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా పట్టుకుపోవడం ఘోరమైన నేరం. ఆ మాట అనడానికి మాకు సంకోచం లేదు. దానికి బదులుగా ఇజ్రాయెల్ కాల్పుల విరమణ నాటికి గాజాలో 67 వేల మందికి పైగా ప్రాణాలు తీయడాన్ని, లక్షల మందిని ఆకలికి మాడ్చడాన్ని ఏ ఆత్మరక్షణా సమర్థించలేదు. అయితే గాజా శిథిలాల వెనక ఇంకో సంగతి మరుగున పడిపోతోంది. 1967 జూన్ యుద్ధంలో వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, గాజాలను ఇజ్రాయెల్ ఆక్రమించుకుంది. బాంబులు పడని రోజుల్లో కూడా ఆ ఆక్రమణ తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

వెస్ట్ బ్యాంక్ పాలస్తీనీయుల బతుకును శాసించేది వాళ్లు ఎన్నుకున్న చట్టసభ కాదు, సైనిక కమాండర్ సంతకం. 1967 ఆగస్టులో వచ్చిన 101వ నంబరు ఉత్తర్వు ప్రకారం పదిమంది ఒకచోట చేరి రాజకీయాలు మాట్లాడుకోవాలంటే సైన్యం అనుమతి ఉండాలి. లేకపోతే పదేళ్ల దాకా జైలు. అదే ఏడాది నవంబరులో వచ్చిన 158వ నంబరు ఉత్తర్వు నీళ్ల మీద. బావి తవ్వాలన్నా పర్మిట్ కావాలి, ఆ పర్మిట్ దాదాపుగా రాదు. వాన నీళ్లు పట్టుకునే తొట్లను కూడా అనుమతి లేదంటూ బుల్డోజర్లతో కూల్చేస్తున్నారు. ఒకే కొండ మీద ఇద్దరు కుర్రాళ్లు రాయి విసిరితే సెటిలర్ బిడ్డకు ఇజ్రాయెల్ పౌర చట్టం, పాలస్తీనా బిడ్డకు సైనిక కోర్టు. 2010 లెక్కల ప్రకారం ఆ కోర్టుల్లో శిక్ష పడే రేటు 99 శాతానికి పైనే. అసలు నేర విచారణే జరపకుండా, ఛార్జిషీటు లేకుండా, సాక్ష్యం ఏమిటో లాయరుకు కూడా చూపకుండా ఆరేసి నెలల చొప్పున నిర్బంధాన్ని పొడిగిస్తూ పోవచ్చు. 2025లో ఇలా లోపల ఉన్నవాళ్లు మూడు వేలకు పైమాటే.

ఆలివ్ కోత అక్కడ ఊరంతా కదిలే పని. బడి పిల్లల నుంచి ముసలమ్మల దాకా తోటకు వెళ్లి చెట్ల కింద పట్టాలు పరుస్తారు, నిచ్చెనలెక్కి కాయలను చేత్తో దూసి రాలుస్తారు, సంచులకెత్తి నూనె మిల్లుకు చేరుస్తారు. 80 వేల నుంచి లక్ష దాకా కుటుంబాలు ఈ పంట మీద ఆధారపడ్డాయి. 2002లో ఇజ్రాయెల్ కట్టడం మొదలుపెట్టిన అడ్డుగోడకు గీసిన దారి సుమారు 700 కిలోమీటర్లు. అందులో 85 శాతం సరిహద్దు రేఖ మీద కాదు, వెస్ట్ బ్యాంక్ లోపలే. దాంతో వేలమంది రైతులకు ఇల్లు ఇటు, తోట అటు. తన చెట్టు దగ్గరికి వెళ్లడానికి రైతు సైన్యానికి దరఖాస్తు పెట్టుకోవాలి, భూమి తనదేనని కాగితాలు చూపించాలి. భర్తకు పర్మిట్ వచ్చి భార్యకు రాకపోవడం మామూలే. వచ్చినా గేటు తాళం సైనికుడి చేతిలో ఉంటుంది. చాలా గేట్లు కోతల కాలంలో కొద్ది రోజులే తెరుస్తారు, అదీ పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. మిగతా ఏడాదంతా దున్నడానికి లేదు, కొమ్మలు కత్తిరించడానికి లేదు. మూడేళ్లు బీడు పెట్టిన భూమిని ప్రభుత్వం తీసుకోవచ్చని 1858 నాటి ఒట్టోమన్ భూమి చట్టం చెబుతుంది. ఆ చట్టాన్ని దుమ్ము దులిపి వాడుకుంటున్నారు. సాగు చేయనివ్వనిదీ వాళ్లే, సాగు లేదని భూమి లాక్కునేదీ వాళ్లే.

1995 ఓస్లో ఒప్పందంలో తాత్కాలికమని రాసుకున్న ‘ఏరియా సి’ వెస్ట్ బ్యాంక్‌లో 60 శాతం. ముప్పై ఏళ్లు గడిచినా అది పూర్తిగా ఇజ్రాయెల్ చేతిలోనే ఉంది. హెబ్రోన్‌కు దక్షిణాన మసాఫర్ యట్టా పల్లెలను సైనిక ఫైరింగ్ జోన్‌గా ప్రకటించి, వెయ్యి మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించేందుకు 2022 మేలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు దారి ఇచ్చింది. 2025 జనవరి నుంచి జెనిన్, తుల్‌కరమ్, నూర్ షమ్స్ శరణార్థి శిబిరాల్లో సైన్యం ఇళ్లు కూల్చి 30 వేల మందికి పైగా తరిమేసింది. అదే ఏడాది మేలో 22 కొత్త సెటిల్‌మెంట్లకు, ఆగస్టులో తూర్పు జెరూసలేం పక్కన ‘ఇ1’ అనే ప్రాంతంలో సెటిల్‌మెంట్ నిర్మాణాలకు ఆమోదం పడింది. పాలస్తీనా దేశమన్న ఆలోచనను ఇది పాతిపెడుతుందని ఆర్థిక మంత్రి స్మోట్రిచ్ బాహాటంగానే ప్రకటించారు. సెటిలర్లు ఇప్పటికే ఏడు లక్షలు.

పాలస్తీనాకు ఒక గాంధీ ఉంటే ఎప్పుడో స్వతంత్రం వచ్చేదని మన దగ్గర చాలామంది నమ్మకంగా అంటుంటారు. వాళ్లు బేత్లెహేం పక్కనున్న బేత్ సాహూర్ సంగతి తెలుసుకోవాలి. 1987 డిసెంబరులో మొదటి ఇంతిఫాదా (పాలస్తీనీయుల ప్రజా తిరుగుబాటు) మొదలయ్యాక, క్రైస్తవులు ఎక్కువగా ఉండే ఆ చిన్న పట్టణం ఇజ్రాయెల్ సరుకులు మానేసింది. పాల కోసం 18 ఆవులను కొనుక్కుంటే, అవి దేశ భద్రతకు ముప్పని సైన్యం వాటి కోసం వెతికింది. మా ఓటు లేని ప్రభుత్వానికి మా పన్ను కట్టం అని జనం తేల్చిచెప్పారు. 1989లో సైన్యం ఆరు వారాల పాటు ఊరిని దిగ్బంధించింది. ఇళ్లలోని ఫ్రిజ్‌లు, టీవీలు, వర్క్‌షాపుల్లోని మిషన్లు లారీలకెత్తుకుపోయింది. 1922లో పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు కట్టబోమంటే తెల్లదొరలు సైన్యాన్ని దించి జప్తులు చేయించిన చరిత్ర తెలిసిన మనకు ఇది కొత్త కథేమీ కాదు. బిల్‌యిన్ గ్రామం 2005 నుంచి ప్రతి శుక్రవారం గోడ దగ్గరికి ఊరేగింపుగా వెళ్లింది. పక్కన ఇజ్రాయెలీ శాంతి కార్యకర్తలు కూడా నడిచారు. గోడ దారి మార్చాలని 2007లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు చెప్పింది, నాలుగేళ్ల తర్వాత గానీ మార్చలేదు. శాంతియుత పోరాటాలు జరిగాయి, జరుగుతున్నాయి. వాటిని పట్టించుకోనిది ప్రపంచమే. ఆ తప్పును తీసుకెళ్లి పాలస్తీనీయుల నెత్తిన రుద్దడం అన్యాయం.

చట్టం విషయంలో ఇప్పుడు అనుమానానికి తావు లేదు. ఇజ్రాయెల్ ఆక్రమణే చట్టవిరుద్ధమని, వీలైనంత త్వరగా దాన్ని ముగించాలని, సెటిలర్లను వెనక్కి రప్పించాలని, నష్టపరిహారం చెల్లించాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జులై 19న అభిప్రాయం చెప్పింది. దాని ఆధారంగా 12 నెలల గడువు పెడుతూ ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ సెప్టెంబరు 18న తీర్మానం చేసింది. అనుకూలంగా 124 దేశాలు, వ్యతిరేకంగా 14. ఓటింగుకు దూరంగా ఉన్న 43 దేశాల్లో భారత్ ఒకటి. 1947లో పాలస్తీనా విభజనను ఐక్యరాజ్యసమితిలో వ్యతిరేకించిన దేశం మనది. 1974లో పీఎల్‌ఓను (పాలస్తీనా విమోచన సంస్థను) గుర్తించిన తొలి అరబ్బేతర దేశం, 1988లో పాలస్తీనాను గుర్తించిన తొలి దేశాల్లో ఒకటి. అలాంటి దేశం న్యాయస్థానం మాటకు కూడా తల ఊపలేకపోయింది. 2025 జూన్‌లో గాజా కాల్పుల విరమణ తీర్మానానికి 149 దేశాలు ఓటేసినా మనం మళ్లీ దూరమే. సెప్టెంబరులో రెండు దేశాల పరిష్కారాన్ని సమర్థించే న్యూయార్క్ ప్రకటనకు భారత్ ఓటు వేసింది. మంచిదే. కానీ ఓటు ఒక్కటే సరిపోయే రోజులు పోయాయి.

ఎందుకంటే ఈ ఆక్రమణతో మన లావాదేవీలు ఓట్లతో ఆగలేదు. 2023 అక్టోబరుకు ముందు వెస్ట్ బ్యాంక్ నుంచి లక్షన్నర మందికి పైగా పాలస్తీనీయులు ఇజ్రాయెల్‌లో, సెటిల్‌మెంట్లలో పనికి వెళ్లేవారు, ఎక్కువమంది భవన నిర్మాణంలో. వాళ్ల పర్మిట్లను ఒక్క దెబ్బతో ఆపేశారు. ఆ ఖాళీల్లోకి మన తాపీ మేస్త్రీలను, రాడ్ బెండింగ్ పనివాళ్లను పంపారు. 2024లో హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. ఇంటి అప్పులు తీర్చుకోవడానికి వెళ్లే కూలీని మేము తప్పుపట్టం. ఇంకొకరి కడుపు కొట్టి ఖాళీ చేసిన పనికి, అదీ యుద్ధం నడుస్తున్న చోటికి, తన పౌరులను పంపిన ప్రభుత్వాన్ని తప్పుపడుతున్నాం.

హైదరాబాద్‌తో ఇంకో ముడి ఉంది. ఇజ్రాయెల్ ఆయుధ కంపెనీ ఎల్బిట్, అదానీ గ్రూపు కలిసి 2018 డిసెంబరులో ఇక్కడ హెర్మెస్ 900 డ్రోన్ల ఫ్యాక్టరీ ప్రారంభించాయి. అక్కడి నుంచి డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయని 2024లో వార్తలొచ్చాయి. ఆయుధ ఎగుమతులు ఆపాలన్న పిటిషన్‌ను అదే ఏడాది సెప్టెంబరులో మన సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. విదేశాంగ విధానం ప్రభుత్వం పరిధిలోనిదని చెప్పింది. కాబట్టి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వమే. 2023 అక్టోబరు నుంచి ఇజ్రాయెల్‌కు ఏ ఆయుధాలకు, ఏ విడిభాగాలకు లైసెన్సు ఇచ్చారో పార్లమెంటు ముందు పెట్టాలి. ఆక్రమణ సాగినంత కాలం కొత్త లైసెన్సులు ఆపాలి. మన కార్మికులను సెటిల్‌మెంట్లలో పనికి పెట్టకూడదని ఇజ్రాయెల్ నుంచి రాతపూర్వకంగా హామీ తీసుకోవాలి. సర్వప్రతినిధి సభ ఇచ్చిన 12 నెలల గడువు 2025 సెప్టెంబరుతోనే దాటిపోయింది. దాని అమలుపై మళ్లీ ఓటింగు వచ్చినప్పుడు భారత్ ఆ 124 దేశాల పక్కన నిలబడాలి.