సొమ్ము ఇండికేటివ్‌ది, సోకు దొరగారిది

ఫ్రెంచి క్రియల్లో కోరికలకూ సందేహాలకూ వాడే రూపమైన మహారాజశ్రీ సబ్జోంక్తిఫ్ ప్రెజాఁ దొరవారి సముఖమునకు నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను. ఈ వాక్యం తమ పరిధిలోకి రాదని నాకు తెలుసు, కంగారుపడకండి. ఆశించడం, అంటే ‘ఎస్పెరే’, ఫ్రెంచిలో ఇండికేటివ్ గారి ఖాతా (వాస్తవాలు చెప్పే మామూలు క్రియారూపం ఆయన). కోరుకుంటే తమరు, ఆశిస్తే ఆయన. పోనీ, తమరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం అని రాశానా, మళ్లీ తమరే. ఇంకా తేలని సంగతేమో వాస్తవాల శాఖకు, కళ్లముందు ఉన్న సంగతేమో ఊహల శాఖకు వెళ్తున్నాయన్నమాట. ఈ ఫైళ్లు పంచిన గుమస్తా ఎవరో గానీ, ఆ రోజు భోజనం చేసి కునుకు తీస్తూ పంచి ఉంటాడు.

అసలు సంగతికి వస్తాను. ఫ్రెంచి నేర్చుకునేవాళ్లు బీ1 లెవెల్ (నడిమి మెట్టు) దాకా బాగానే వస్తారు. అక్కడ తమరి పేరు వినబడగానే టెన్షన్ మొదలవుతుంది. సందేహం, భయం, కోరిక, విచారం, అన్నిటికీ తమరే అధిపతి అని చెబుతారు. అంతటివారి పుట్టుక ఎంత ఘనంగా ఉంటుందో అనుకుంటాం. తీరా చూస్తే ఇంతే: వర్తమానంలో ‘వాళ్లు’ అనే రూపం తీసుకోవాలి. దాని తోక ‘ఇఎన్‌టి’ కత్తిరించాలి. మిగిలినదానికి వరసగా ‘ఇ, ఇఎస్, ఇ, ఐఓఎన్ఎస్, ఐఇజెడ్, ఇఎన్‌టి’ అతికించాలి. గమనించారా, కత్తిరించి పక్కన పెట్టిన తోకనే ఆఖర్న మళ్లీ తెచ్చి అతికించాం. ఈ పనికి ఒక పాఠం, పాతిక అభ్యాసాలు!

పార్లే అనే క్రియను చూద్దాం (బిస్కెట్టు కాదు, మాట్లాడటం). క జ పార్ల్, క త్యు పార్ల్, కిల్ పార్ల్, క ను పార్లియోఁ, క వు పార్లియే, కిల్ పార్ల్ (వరసగా నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్లు; ముందున్న ‘క’ అంటే ‘అని’). రోమన్ లిపిలో ఉన్నప్పుడు, పలకని అక్షరాల చాటున నిలబడి, పార్ల్‌లు నలుగురూ మూడు రకాల మనుషుల్లా కనిపిస్తారు. పలికినట్టు రాసే తెలుగులోకి దింపితే గుట్టు రట్టయింది. నాలుగు చోట్లా వినబడేది ఒక్కటే, పార్ల్. ఆ నాలుగూ అక్షరం తేడా లేకుండా ఇండికేటివ్ గారివి. మిగిలిన రెండూ, పార్లియోఁ, పార్లియే, భూతకాలం చూసుకునే ఎంపర్ఫే గారి దగ్గర ఎత్తుకొచ్చినవి. ఆరింటికి ఆరూ అరువే. ఫ్రెంచి క్రియల్లో అత్యధికం పార్లే లాగా రాతలో చివర ‘ఇ ఆర్’ తోక ఉన్నవేనని తమరికి నేను చెప్పనక్కర్లేదు. సొమ్మొకడిది సోకొకడిది అని మా పెద్దవాళ్లు ఎవరిని చూసి అన్నారో గానీ తమరికి సరిగ్గా సరిపోయింది. (ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి. వాడుకలోంచి తప్పుకున్న మా అరసున్నకు తమ ముక్కు శబ్దాల పుణ్యమా అని మళ్లీ పని దొరికింది.)

‘ఐ ఆర్’, ‘ఆర్ ఇ’ క్రియల దగ్గర కాస్త ముఖం చూపిస్తారు, కాదనను. ఫినీర్, ముగించడం. ఇండికేటివ్ గారు జ ఫిని అని ఊరుకుంటే, తమరు వచ్చి క జ ఫినిస్ అంటారు. వాఁద్ర్, అమ్మడం. జ వాఁ కాస్తా క జ వాఁద్ అవుతుంది. ఏకవచనంలో చివర ఒక హల్లు గట్టిగా వినిపించడం, తమరి స్వార్జితం అంతే. ఆ హల్లు కూడా ఇల్ ఫినిస్, ఇల్ వాఁద్ అనే బహువచనంలో ముందే ఉంది. ఎత్ర్ (ఉండటం), అవ్వార్ (కలిగి ఉండటం), ఫేర్ (చేయడం) లాంటి అడ్డదిడ్డం క్రియల పేరు చెప్పి జనాన్ని బెదరగొడతారు గానీ, నన్నడిగితే అవే నయం. స్వా, ఎ, ఫాస్ అని తమరికి అక్కడ సొంత రూపాలున్నాయి. చూడగానే గుర్తుపట్టి దణ్ణం పెట్టొచ్చు. ఒక పద్ధతిగా నడిచే క్రియల్లోనే తమరు లోపల ఉన్నారో, బయటికి వెళ్లారో తెలిసి చావదు.

మరి కనిపించని అధికారి సీట్లో ఉన్నదీ లేనిదీ ఎలా కనుక్కోవాలి? ముందున్న మాటను బట్టి. ఇల్ ఫో క, అంటే ‘తప్పదు’ అంటే ఉన్నారు. జ పాఁస్ క, ‘అనుకుంటున్నాను’ అంటే లేరు. జ న పాఁస్ పా క, ‘అనుకోవడం లేదు’ అంటే మళ్లీ ఉన్నారు. మూడింటి తర్వాతా ఇల్ పార్ల్ అని రాస్తే చెవికి తేడా లేదు, కంటికీ తేడా లేదు. మాస్టారి ఎర్ర పెన్ను కూడా ఏమీ చేయలేదు. అయినా సరే, ఒకచోట తమరు కొలువై ఉన్నారని, ఇంకోచోట లేరని మేం భక్తిగా నమ్మాలి.

తమరు వాస్తవం కాని సంగతులకు దిక్కు అని పుస్తకాలు చెబుతాయి. మరి బియేఁ క దగ్గర తమరికేం పని? బియేఁ కిల్ పార్ల్ ఫ్రాఁసే, అతను ఫ్రెంచి మాట్లాడినప్పటికీ. మాట్లాడుతున్నాడండీ, ఎదురుగా నిలబడి గడగడా మాట్లాడుతున్నాడు! అయినా ‘అప్పటికీ’ అనగానే తమరు హాజరు. అవాఁ క, అంటే ‘జరగకముందు’కి తమరు రావడంలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. కానీ పక్కన ‘న’ అని ఒక బంట్రోతును వెంటబెట్టుకొస్తారు చూశారూ, చూడటానికి ‘కాదు’లా ఉండి ‘కాదు’ అనే అర్థమే లేని ఆ శాల్తీ ఎందుకో తమరే చెప్పాలి.

ఆప్రే క, అంటే ‘జరిగాక’ సంగతి ఇంకా ఘోరం. జరిగిపోయింది కాబట్టి అది ఇండికేటివ్ గారిదే. 1635లో రిషెల్యూ కార్డినల్ పెట్టించిన ఫ్రెంచి అకాడెమీ కూడా అదే అంటుంది. అక్కడ నలభై కుర్చీలు, కూర్చున్నవాళ్లకు ‘అమరులు’ అని బిరుదు. అమరులు ఏం చెప్పినా, పారిస్‌లో పుట్టి పెరిగినవాళ్లే ఆప్రే క తర్వాత తమరిని లాక్కొచ్చి కూర్చోబెడుతున్నారు. అవాఁ క పక్కిల్లే కదా, అలవాటున దారి తప్పుతున్నారు. వాళ్లు తప్పు చేస్తే భాష మారుతోంది అంటారు. మేం చేస్తే మార్కు పోతోంది.

తమరి అన్నగారు, అంటే తమరి శాఖలోనే భూతకాలం చూసుకునే ఎంపర్ఫే ద్యు సబ్జోంక్తిఫ్, మాటల్లోంచి ఎప్పుడో తప్పుకున్నారు. పార్లాసియోఁ అని ఆయన వేషంలో ఇప్పుడెవరైనా మాట్లాడితే ఎదుటివాళ్లు నవ్వుకుంటారు. 1976 డిసెంబర్‌లో ఫ్రాన్సు విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చి, పరీక్షల్లో ఆయన స్థానంలో తమరిని రాసినా తప్పు పట్టవద్దంది. ఆ డ్యూటీ కూడా తమరికే వచ్చింది. రెండు పోస్టులు, ‘ఇ ఆర్’ క్రియల్లోనైతే ఒంటి మీద ఒక్క సొంత గుడ్డ లేదు.

మావాళ్లకు తమరు బొత్తిగా కొత్త మాత్రం కాదు. నేను చదవాలని నాకే ఉంటే తమరితో పని లేదు, మూల క్రియ పక్కన పెట్టుకుంటే చాలు. నువ్వు చదవాలని నాకు ఉండాలి, అప్పుడు దిగుతారు తమరు. ఒకరి జీవితం గురించి ఇంకొకరికి కోరిక పుడితేనే తమ కొలువు. మరి మా ఇళ్లల్లో తెల్లారి లేస్తే జరిగేది అదే కదా! నువ్వు చదవాలి. నువ్వు ఉద్యోగం వెతకాలి. నువ్వు ఈ మాఘమాసంలోగా పెళ్లి చేసుకోవాలి. ఎత్యుదియే, షెర్షే, స మారియే, అన్నీ ‘ఇ ఆర్’ క్రియలే, అన్నీ బుద్ధిగా నడిచేవే. ఫ్రాన్సులో అది బీ1 పాఠం, మా దగ్గర మేనత్త ఫోన్ కాల్.

ఇప్పుడు ఆ మేనత్తకు కొత్త వాక్యం దొరికింది: నువ్వు కెనడా వెళ్లాలి. 2023లో కెనడా తన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస పద్ధతిలో ఫ్రెంచి వచ్చినవాళ్లకు వేరే కేటగిరీ పెట్టింది. చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం, నాలుగింటిలోనూ ఏడో స్థాయి రావాలి. అప్పట్నుంచి కోడింగ్ చేసుకునే మా కుర్రాళ్లు రాత్రి పదింటికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తమరిని జపిస్తున్నారు. టెఫ్ కెనడా అనే ఫ్రెంచి పరీక్షలో మాట్లాడే భాగం రెండో అంకం పది నిమిషాలు. ఒక స్నేహితుణ్ణి ఏదో పనికి ఒప్పించాలి. స్నేహితుడు కాబట్టి ‘వు’ (మీరు) ఉండదు, ‘త్యు’ (నువ్వు) చాలు. ఇక్కడే మావాళ్లు తమరి ఆయువుపట్టు కనిపెట్టారు. ఇల్ ఫో క త్యు అని మొదలుపెట్టి, తర్వాత పద్ధతిగా నడిచే ‘ఇ ఆర్’ క్రియ ఏది తగిలించినా పలకడంలో తప్పు దొర్లే మార్గమే లేదు. ఇల్ ఫో క త్యు పార్ల్, క త్యు రెగార్ద్, క త్యు అషెత్. వినేవారికి సబ్జోంక్తిఫ్ వాడినట్టు, మాట్లాడేవారికి ఏమీ వాడనట్టు. తమరి బీదరికమే మావాళ్లకు పీఆర్ కార్డు (అక్కడ స్థిరపడే అనుమతి) అయ్యేలా ఉంది. ‘వు’తో మాట్లాడాల్సి వచ్చినప్పుడే, పార్లేకూ పార్లియేకూ మధ్య ఆ ‘య’కారం దగ్గర, గొంతు తడారుతోంది.

తమ దొరలు గోదావరి ఒడ్డున యానాంలో ఏలిన రోజులు కూడా గుర్తుచేయాలి. 1954లో పాలన వదిలారు. చట్టప్రకారం కాగితాల మీద వదలడానికి 1962 దాకా పట్టింది. ఆ మధ్య ఏళ్లల్లో యానాం నిజానికి ఇండియాలో, కాగితంలో ఫ్రాన్సులో ఉంది. అప్పుడు ఆ ఊరు ఇండికేటివ్‌లో ఉన్నట్టా, తమరి కింద ఉన్నట్టా? ఎవరినైనా అడిగితే బియేఁ క అంటారని నా అనుమానం.

కావున తమరికి మనవి. ఇండికేటివ్ గారి దగ్గరా ఎంపర్ఫే గారి దగ్గరా తీసుకున్న రూపాలను తిరిగి ఇచ్చేయండి. లేదా ‘ఇ ఆర్’ క్రియల నుంచి గౌరవంగా తప్పుకోండి. తమరు వెళ్లినట్టు కూడా ఎవరికీ తెలియదు. రెండూ కుదరకపోతే, ఎస్పెరే ఒక్కదాన్ని తమరి ఖాతాలోకి మార్పించండి. ఆశ అనేది ఇండికేటివ్ అంటే, వీసా కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు అస్సలు మింగుడుపడటం లేదు.

ఇట్లు,
తమరి ఏలుబడిలో ఉన్న ఒక విద్యార్థి

తా.క.: ఎత్యుదియే క్రియకు ‘మేము’తో వచ్చే తమరి రూపంలో రెండు ‘ఐ’లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి తీసేస్తే ఇండికేటివ్, ఉంచితే తమరు. ఇన్నాళ్లకు ఒక అక్షరం సంపాదించారు కదా అని అభినందనలు రాయబోయాను. పట్టిక తిప్పి చూస్తే ఆ రెండో ‘ఐ’ కూడా ఎంపర్ఫే గారిదేనట.