రెక్కల మీద పేరున్న ఫ్యాను గారికి

మహారాజశ్రీ ఫ్యాను గారికి, ప్రభువు నామమున వందనాలు.

సీతాఫల్‌మండిలో మా మందిరంలో, ఎడమవైపు మూడో వరస నడినెత్తిన తిరిగేది తమరే. ట్రూప్ బజార్‌లో మిమ్మల్ని కొన్న రోజే పెయింటర్‌ని కూడా మాట్లాడుకున్నారట. ఒక రెక్క మీద కీర్తిశేషుల పేరు, రెండోదాని మీద ‘జ్ఞాపకార్థం’, మూడోదాని మీద ఇచ్చినవారి పేరు. చోటు చాలక ‘జ్ఞాపకార్థం’ సున్నా రెక్క అంచుకు జారిపోయింది. ఇచ్చినవారి పేరుకు మాత్రం చోటు బాగానే సరిపోయింది. పోయినాయన అక్షరాలకంటే ఈయనవి కాస్త లావు కూడా.

మీ చిక్కల్లా ఒకటే. స్విచ్ వేస్తే పేరు కనపడదు. మే నెల ఆరాధనలో అందరం చెమటలు కక్కుతుంటే మీరు నిమిషానికి 300 చుట్లకు పైగా తిరుగుతారు. అప్పుడు ఆ గాలి ఎవరిదో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. ధర్మం రహస్యంగా చెయ్యమన్న మత్తయి సువార్త 6వ అధ్యాయాన్ని ఇంత నిష్ఠగా పాటించే సభ్యుడు మా సంఘంలో ఇంకొకరు లేరు. కరెంటు పోయిందా, మాకు ఉక్కపోత, ఇచ్చినాయనకు ప్రచారం.

బూర ఊదించుకుని ధర్మం చేసేవాళ్ల గురించి ప్రభువు ‘వారు తమ ఫలము పొందియున్నారు’ అన్నాడు. అంటే లెక్క చెల్లు, పరలోకంలో బాకీ లేదు.

పేరు వద్దన్నవాళ్లూ ఉన్నారు లెండి. ‘పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక సహోదరుడు మైకు సెట్టు ఇచ్చారు’ అని మొన్న ప్రకటించారు. ఆయన తల వంచుకున్న తీరుకే ఎవరో అందరికీ తెలిసిపోయింది. మరీ అంత వంచక్కర్లేదు. అప్పట్నుంచీ మీ రెక్కల వంక జాలిగా చూస్తున్నారు.

ఇక మా రకం. పేరు కోసం ఇచ్చేవాళ్ల సరసన చేరడం ఇష్టంలేక అసలే ఇవ్వనివాళ్లం. మా ఉద్దేశాలు స్వచ్ఛం, పర్సు భద్రం. కానుకల సంచి మా వరసకు వచ్చేసరికి కళ్లు మూసుకుని గాఢమైన ప్రార్థనలో ఉంటాం.

మిమ్మల్ని దింపెయ్యమని మాత్రం అనను. కొందరు అసూయతో, పోటీకొద్దీ క్రీస్తును ప్రకటిస్తున్నారని తెలిసీ అపొస్తలుడు పౌలు చెరసాల బంధకాల్లోంచి ఫిలిప్పీయులకు ఏం రాశాడు? ఎలాగైతేనేం, ప్రకటింపబడుతున్నాడు కదా, నాకు సంతోషమే అని. మీ కింద ఆయాసంతో కూర్చునే మామ్మగారికి గాలి ఎవరి పేరున వచ్చినా ఒకటే. కానీ అదే పౌలు కొరింథీయులకు, ఆస్తంతా బీదలకు పెట్టినా ప్రేమ లేకపోతే నాకు ప్రయోజనం లేదని రాశాడు. అంటే గాలి మాకు, గుండు సున్నా ఇచ్చినాయనకు. పౌలు రాసిన ఈ రెండు ఉత్తరాల మధ్య వేలాడుతున్నారు మీరు.

ఆ రోజు పెయింటర్ దొరక్కపోతే మిమ్మల్ని ఇచ్చేవారా? ఇచ్చేవారనే నా నమ్మకం. కాకపోతే ఒక రెక్క తక్కువ సంతోషంతో.

ఇంకో కబురు. మీ స్థానంలో ఏసీలు పెట్టించాలని కమిటీ కూర్చుంది. ఏసీ మీద పేరు ఎక్కడ రాయించాలన్నది మొదటి అంశం. దానికే పొద్దుపోవడంతో, ఎన్ని టన్నులవి కావాలో వచ్చే ఆదివారానికి వాయిదా వేశారు.

ఇట్లు,
మీ గాలికి అలవాటుపడ్డ
మూడో వరస సభ్యుడు