‘బాగుండాది’ అంటే సరిపోదు

మూడేళ్ల కిందట సంక్రాంతికి నెల్లూరులో ఒక కాలనీ వాళ్లు ఊరగాయల పోటీ పెట్టి, ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకడిగా నన్ను కూర్చోబెట్టారు. బల్ల మీద ఇరవై రెండు గిన్నెలు. ఒక్కో గిన్నె ముందు చేసినావిడ పేరు రాసిన చీటీ, ఆ వెనకే ఆవిడ. ముఖ్య అతిథి ఇంకో సభకు వెళ్లాలి, అరగంటలో తేల్చేయమన్నారు. పదో గిన్నె దాటేసరికి నాలుక మొద్దుబారిపోయింది. మిగిలినవాటికి కంటితో చూసి మార్కులేశాం. బహుమతులు పంచడం అయ్యాక, చివరి వరసలో నిమ్మకాయ పెట్టిన ఒక కొత్త కోడలు దగ్గరికొచ్చి, “మాది చేదొచ్చిందా అన్నా?” అని అడిగింది. ఆ పచ్చడిని నేను నోట పెట్టనే లేదు. “బాగుండాదమ్మా, వచ్చే ఏడు నీకే” అన్నాను. ఆమె నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసిపోయింది. బహుమతి గురించి ఆమె ఒక్క మాట అడగలేదు. తన పచ్చడిలో తప్పేమిటో అడిగింది. అంత పెద్ద సభలో ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలవాళ్లు లేకపోయారు.

ఆ జవాబు ఎలా ఇవ్వాలో నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల క్లబ్బులు ఊరూరా ఉంటాయి. నెలకోసారి ఎవరింటి షెడ్డులోనో కలుస్తారు. ఎవరు చేసింది వాళ్లు రెండు మూడు సీసాలు పట్టుకొస్తారు, తలా ఒక గుక్క పోసుకుంటారు, ఉన్నదున్నట్టు చెప్పుకుంటారు. లాస్ ఏంజెలెస్‌లో ‘మాల్టోస్ ఫాల్కన్స్’ అనే క్లబ్బు 1974లో పుట్టింది. అప్పటికి ఆ దేశంలో ఇంట్లో బీరు కాయడం చట్టవిరుద్ధమే. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఆ నిషేధం పోయింది. అదే ఏడు కొలరాడోలోని బౌల్డర్‌లో వాళ్ల జాతీయ సంఘం ఏర్పడింది. ఇదంతా నెట్‌లో దొరికే చరిత్రే, దీని మీద ఎక్కువసేపు నిలవను. నన్ను కట్టిపడేసింది వాళ్ల పోటీలు నడిచే తీరు.

సీసా మీద పేరుండదు, ఊరుండదు, చీటీ ఉండదు. అంకె ఒక్కటే ఉంటుంది. పోసేవాళ్లు వేరు, రుచి చూసేవాళ్లు వేరు. ఏ రకంలో పోటీకి దిగారో ఆ రకానికి న్యాయనిర్ణేతగా కూర్చోకూడదు. ఆ న్యాయనిర్ణేతలకు కూడా పరీక్ష ఉంది. 1985లో మొదలైన ‘బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రాం’ దాన్ని నిర్వహిస్తుంది. వాళ్ల మార్కుల పత్రం మొత్తం 50: వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద 10. చూపుకు మూడే మూడు మార్కులు! మన పోటీల్లో గిన్నె చుట్టూ కొత్తిమీర అలంకరణకే అంతకంటే ఎక్కువ పడతాయి.

అసలు సంగతి మార్కుల పక్కనున్న ఖాళీ గీతల్లో ఉంది. ప్రతి అంకెకూ పక్కన కారణం రాయాలి. వెన్న వాసన వస్తోంది, పులియడం పూర్తికాకముందే తొందరపడ్డావు. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తోంది, మరిగించడం చాల్లేదు. పచ్చి యాపిల్ వాసన వస్తోంది, ఈస్టు పని ముగించకముందే తీసేశావు. తప్పుకు పేరుంది, పేరుకు కారణముంది, కారణానికి మందుంది. ఓడినవాడు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి పోతాడు, వచ్చే నెల మళ్లీ కాస్తాడు. కెన్ గ్రాస్‌మన్ అనే ఆయన చికో అనే చిన్న ఊళ్లో ఇంట్లో కాచుకునేవాళ్లకు సరుకులమ్మే దుకాణం నడిపి, 1980లో ‘సియెర్రా నెవాడా’ పేరుతో బీరు కాచి అమ్మకానికి దిగాడు. ఇవాళ అది ఆ దేశంలో పేరున్న సంస్థల్లో ఒకటి. ఇంటి వంట నుంచి పరిశ్రమదాకా వెళ్లే దారిలో తప్పులు చెప్పే స్నేహితులు ఉండాలి. అందుకే ఈ క్లబ్బులు నాకు ముఖ్యమనిపిస్తాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన దూబగుంట ఉన్న జిల్లాలో కూర్చుని బీరు క్లబ్బుల ముచ్చటేమిటని అడుగుతారు. మన ఎక్సైజ్ చట్టం లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడాన్ని నేరమంటుంది. ఆ చట్టం మారాలని నేను అడగడం లేదు. సారా వల్ల ఈ జిల్లా ఆడవాళ్లు పడిన బాధ తెలిసినవాడెవడూ అడగడు. నేను తెచ్చుకోమంటున్నది వాళ్ల సీసాను కాదు, వాళ్ల కాగితాన్ని. అయినా దూబగుంటను సరిగ్గా గుర్తుచేసుకుంటే అది నా వాదానికే బలం. 1990ల మొదట్లో రాత్రిబడుల్లో లాంతరు చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు, పాఠంలో తమ బతుకే చదువుకుని, దాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. దూబగుంట రోశమ్మ లాంటివాళ్లు ఆ మాటల్లోంచే లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు ఈ జిల్లాలో అల్లుకుపోయిందీ ఆ కలయికల మీదే. నలుగురు కూర్చోవడం, కాగితం మీద పెట్టడం. ఈ రెండూ ఒకచోట చేరితే ఏమవుతుందో నెల్లూరుకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మనకు పులియబెట్టే విద్యకేం తక్కువ? పొదలకూరు, గూడూరు మార్కెట్లకు నిమ్మకాయ వెల్లువలా వస్తుంది. ధర పడిపోయిన నెలల్లో కోత కూలీ కూడా గిట్టదని కాయను చెట్టుకే వదిలేసిన తోటలు చూశాను. తీరమంతా ఉప్పు కొటార్లు. ప్రకాశం మెట్టలో మిరప. ఇక ఊరగాయంటే ఉప్పు, పులుపు, కాలం కలిసి చేసే పనే. బీరును ఈస్టు పులియబెడితే, ఉప్పులో ఊరే కాయను లాక్టిక్ బ్యాక్టీరియా మారుస్తుంది. కాచేవాడి తప్పులకు పేర్లున్నట్టే మన తప్పులకూ పేర్లున్నాయి, మనం కాగితం మీద పెట్టలేదంతే. నిమ్మ చేదెక్కిందంటే గింజ నలిగి ఉంటుంది, లేదా లోపలి తెల్లపొర మందంగా ఉన్న కాయ ఎంచుకుని ఉంటారు, లేదా మెంతులు మాడి ఉంటాయి. మూడు చేదులూ నాలుక మీద వేరువేరుగా తగులుతాయి. ముక్క మెత్తబడిందంటే ఉప్పు తగ్గింది, లేదా కాయ పండు తిరిగింది. పైన బూజు కట్టిందంటే ముక్క ఊటలో మునగలేదు, లేదా తడి గరిటె దిగింది. ఆవకాయలో ఘాటు లేదంటే నూనె వేడివేడిగా పోసి ఉంటారు. ఆవపిండికి తడి తగిలాకే ఆ ఘాటు పుడుతుంది, దాన్ని పుట్టించే ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది.

ఇవన్నీ తెలిసిన పెద్దమ్మలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్లను అడిగితే “చేతివాటం నాయనా” అంటారు. ఆ మాటంటే నాకు గౌరవం ఉంది, కోపం కూడా ఉంది. చేతివాటం అన్నామంటే అది ఆ చేతితోనే పోతుంది. మా పెద్దమ్మ ఉప్పులో నిమ్మకాయ ఊరేసి, ఎండబెట్టి, మళ్లీ ఆ ఊటలోనే పోసి పెట్టే పచ్చడి రెండో ఏడాదికి నల్లగా, తేనెలా తయారయ్యేది. ఎన్ని కాయలకు ఎంత కల్లుప్పు, ఎన్ని ఎండలు అని ఆమెను అడిగినవాళ్లు లేరు. అందరం కంచం ముందు కూర్చుని “బాగుండాది” అన్నాం. ఆమె పోయి పదకొండేళ్లు. జాడీ మా ఇంట్లోనే ఉంది.

ఊరగాయ దగ్గర మొదలుపెట్టాను గానీ ఈ జబ్బు అక్కడితో ఆగదు. ఒంగోలు గిత్తనే తీసుకోండి. ప్రకాశం పల్లెల్లో తిరునాళ్లప్పుడు బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు తెలుసు, అంత నిక్కచ్చి పోటీ ఇంకోటి ఉండదు. గిత్త నోటి పళ్లను బట్టి విభాగాలు, ఇంత బరువు బండ, ఇన్ని నిమిషాలు, లాగిన దూరం అడుగుల్లో అంగుళాల్లో కొలిచి మైకులో చెప్తారు. ఏ నాయకుడొచ్చినా ఆ అంకె మారదు. ఆ నిజాయితీ మన పల్లెలదే, ఎక్కడినుంచీ అరువు తెచ్చుకున్నది కాదు. కానీ సాయంత్రం జనం చెదిరిపోయాక ఆ అంకె ఏమవుతోంది? ఏ గిత్తకు ఏ ఆబోతు తండ్రి, దాని దూడలు ఎలా లాగాయి అన్నది ఆ రైతు మనసులోనే ఉండిపోతుంది. ఇదే జాతి పశువులు సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లాయి. అక్కడ వాటిని మన నెల్లూరు పేరుతో ‘నెలోర్’ అంటారు. 1960లలో ఒంగోలు పక్కనున్న కరవది పేరు పెట్టుకుని ఒక ఆబోతు అక్కడికి పోయింది, ఇప్పటికీ దాని వంశం చెప్పుకుంటారు. చెప్పుకోగలుగుతున్నారంటే రాసుకున్నారు కాబట్టే. అక్కడి ఉబెరాబా పట్టణంలో 1938 నుంచి ఈ పశువులకు వంశావళి పుస్తకం ఉంది. ఏటా ప్రదర్శన పెట్టి, ఏ పశువు ఎందుకు మెరుగో ఎంచి, పుస్తకంలోకి ఎక్కిస్తారు. ఇవాళ ఆ దేశంలో మాంసానికి పెంచే మందల్లో ఎక్కువ భాగం నెలోర్ రక్తమే. పోటీలు మనకూ ఉన్నాయి, వాళ్లకూ ఉన్నాయి. మన పోటీల వెనక లేనిది అలాంటి పుస్తకం.

కారణం రాయని తీర్పుకు మనం ఎంతగా అలవాటు పడ్డామో గమనించండి. కవితల పోటీ ఫలితాలొస్తాయి, నాలుగో కవిత ఎందుకు వెనకబడిందో ఒక్క వాక్యం ఉండదు. ముగ్గుల పోటీ, వక్తృత్వ పోటీ, నాటక పరిషత్తు, ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం, ఉద్యోగపు ఇంటర్వ్యూ, అన్నీ అంతే. పదో తరగతి పిల్లవాడికి 62 అని వస్తుంది. ఆ పోయిన 38 ఎక్కడ పోయాయో వాడికి చెప్పేవాళ్లుండరు. 2011లో సుప్రీంకోర్టు, మూల్యాంకనం చేసిన తన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని చెప్పింది. అంత చిన్న సంగతి కోసం దేశంలో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సి వచ్చింది. తీర్పు చెప్పేవాడు పైన, వినేవాడు కింద అనే అలవాటు అంత లోతుగా దిగింది. కారణం అడిగితే పెద్దరికానికి అవమానమనుకుంటాం. నిజానికి కారణం రాసి ఇవ్వడంలోనే ఎదుటి మనిషి పట్ల మర్యాద ఉంది. నీ పని మీద నేను పది నిమిషాలు మనసు పెట్టానని ఆ కాగితం చెప్తుంది. శాలువా ఆ మాట చెప్పలేదు.

కాబట్టి నేనడిగేది ఇది. మన కాలనీల్లో, డ్వాక్రా సంఘాల్లో, పల్లెల్లో ఊరగాయ పెట్టేవాళ్లు నెలకోసారి కూర్చోవాలి. వేదిక వద్దు, మైకు వద్దు, ముఖ్య అతిథి అసలే వద్దు. ఈ నెల ఒకరి వసారా, వచ్చే నెల ఇంకొకరిది. రుతువును బట్టి ఒక్కోసారి ఒక్కటే సరుకు: కార్తీకంలో ఉసిరి, సంక్రాంతి చుట్టూ చింతకాయ, ఆ వెనకే పండుమిరప, ఎండాకాలం ఆవకాయ, మాగాయ. తీరప్రాంతం వాళ్లు రొయ్యల పచ్చడికి ఒక నెల అడుగుతారు, ఇవ్వాలి. ఒక విడతలో ఏడు గిన్నెలకు మించకూడదు, మధ్యలో పెరుగన్నం ముద్ద తింటే నాలుక తేరుకుంటుంది. ఇనుప చెంచా వద్దు, ఉదయగిరి చెక్క చెంచాలు మన దగ్గరే దొరుకుతాయి. 50 మార్కుల్లో రంగుకు ఐదు చాలు. వాసనకు పది, ముక్కకు పది, రుచికి ఇరవై, మిగిలిన ఐదూ మొత్తం మీద. పక్కన కారణం రాయని మార్కు చెల్లదు. రాయడం రానివాళ్లు చెప్తే పిల్లలు రాస్తారు, ఆ పిల్లలకు అదీ ఒక చదువే. ఒక ప్రతి చేసినావిడకు, ఒక ప్రతి నోటుబుక్కులోకి. ఐదేళ్లు గడిస్తే ఆ నోటుబుక్కు ఏ ఊరికి ఆ ఊరి ఊరగాయల పుస్తకమవుతుంది. అప్పుడు బజారులో సీసా మీద అంటించడానికి మన ఆడవాళ్ల దగ్గర వట్టి పేరు కాకుండా ఒక ప్రమాణం ఉంటుంది.

ఇరుగుపొరుగు మధ్య మనసులు నొచ్చుకుంటాయేమోనని కొందరంటున్నారు. పేరు తెలియని గిన్నె మీద రాసిన మాట మనిషికి తగలదు. రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ముక్కూమొహం తెలియనివాళ్ల చేతి రొట్టె అందుకుని కళ్లకద్దుకునే ఊరు ఇది. మన ఊళ్లో పక్కింటి వదిన రాసిన రెండు వాక్యాలు తీసుకోలేనంత సున్నితం ఎవరూ లేరు.

ఆ కొత్త కోడలి పేరు నాకు తెలియదు, కాలనీ తెలుసు. మొదటి కలయికకు నిమ్మకాయే పెట్టమని అక్కడివాళ్లతో మాట్లాడుతున్నాను. మా పెద్దమ్మ జాడీ కడిగి ఎండబెట్టాను. రెండు నెలల కిందట పొదలకూరు కాయ తెచ్చి, తూచిన కల్లుప్పుతో అందులో ఊరేశాను. కాయల లెక్క, ఉప్పు తూకం, ఎండ తగిలిన రోజులు అన్నీ ఒక కాగితం మీద ఉన్నాయి. రుచి ఇంకా పెద్దమ్మ పచ్చడికి దగ్గరగా లేదు, ఎక్కడో చేదు తగులుతోంది, అది గింజదో తెల్లపొరదో నాకు తేలలేదు. ఆ రోజు దాన్ని బల్ల మీద పెడతాను, అంకె ఒక్కటే రాసి.