నిద్ర మీద ప్రాజెక్టు

పిల్లల్ని ఏ ప్రశ్నయినా అడగొచ్చు గానీ, "నీకేం ఇష్టం?" అని మాత్రం క్లాసు మధ్యలో నిలబడి అడక్కూడదు. లెక్క తప్పు చెప్పడానికైనా నలుగురు చేతులెత్తుతారు. ఈ ప్రశ్నకి మాత్రం క్లాసు క్లాసంతా తల దించుకుంటుంది. ఇన్నేళ్లూ సిలబస్ తప్ప ఇంకేమీ అడగనివాళ్లు హఠాత్తుగా ఇష్టాయిష్టాలు అడుగుతుంటే, ఇందులో ఏదో మెలిక ఉందని అనుమానం రాదూ మరి?

పిల్లలు మనసుపెట్టి తలపెట్టిన పనే అసలైన చదువని అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ 1918లోనే వ్యాసం రాశాడు. ఆ పెద్దమనిషి మా తొమ్మిదో తరగతిని చూడలేదు.

ఎవరికిష్టమైన అంశం మీద వాళ్లు ప్రాజెక్టు చేయాలన్నాను. మొదటి చెయ్యి లేచింది. "సార్, దీనికి మార్కులెన్ని?"

లేవన్నాను. సగం మొహాలు మాడిపోయాయి. ఊరికే అనలేదు లెండి. లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ఒక ప్రయోగం ప్రచురించారు. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశపెట్టారు. తర్వాత చూస్తే, ఆ కొందరికే బొమ్మల మీద మోజు తగ్గింది. ఇదంతా విడమరిచి చెబుదామని నోరు తెరిచేలోపే రెండో చెయ్యి. "అయితే గ్రేడా సార్?"

చివరికి చీటీలు రాయమన్నాను. ముందు బెంచీలో ఎవరో అగ్నిపర్వతం అని రాశారు. అది అలా పారుకుంటూ చివరి బెంచీ దాకా వెళ్లింది. ఒక్క చీటీ మాత్రం దానికి చిక్కలేదు. రఫ్ నోటుబుక్కు మూల చింపి రాసిన చీటీ అది. మధ్యలో ఒకటే మాట: నిద్ర.

రాసినవాణ్ణి లేపాను. నిజంగానే లేపాల్సి వచ్చింది.

"నిద్రంటే అంత ఇష్టమా?"

"చాలా సార్."

అబద్ధం కాదని వాడి కళ్లే చెబుతున్నాయి. అయితే నిద్ర అనేది అంశమే గానీ ప్రశ్న కాదు. కొలవడానికి వీలయ్యేది, జవాబు నీకూ ముందే తెలియనిది ఏదైనా అడగమన్నాను. రాండీ గార్డ్‌నర్ అనే పదిహేడేళ్ల కుర్రాడు స్కూలు సైన్స్ ఫెయిర్ కోసం 1963 డిసెంబరు నుంచి 1964 జనవరి దాకా 264 గంటలు నిద్రపోకుండా ఉన్నాడని కూడా చెప్పాను (అలాంటిది ఎవరూ చేయకూడదని రెండుసార్లు హెచ్చరించాను కూడా). వాడు శ్రద్ధగా విని, "నేను రెండో వైపు నుంచి మొదలుపెడతాను సార్" అన్నాడు.

ఒప్పుకోలేదు. బేరమాడగా ఆడగా, ఏ పీరియడ్‌లో క్లాసు ఎన్నిసార్లు ఆవలిస్తుంది అన్నదగ్గర తేలాం.

హోంవర్క్ అంటే ఆమడ దూరం పరిగెత్తేవాడు, నోటుబుక్కులో గళ్లు గీసుకుని కూర్చున్నాడు. ఆవలింతకో నిలువు గీత, అయిదోదానికి అడ్డగీత. వాడు తమవైపు చూస్తుంటేనే పిల్లలకి ఆవలింతలు పుట్టుకొచ్చాయి. ఆవలింత అంటువ్యాధి కదా! రెండో రోజుకి అదీ పసిగట్టాడు. ఆ లెక్కంతా కొట్టేసి, వెనక బెంచీకి మారి, ఎవరికీ కనపడకుండా మళ్లీ మొదలుపెట్టాడు. ఇలా చెయ్యమని నేను చెప్పలేదు.

ప్రదర్శన రోజు వంటసోడా, వెనిగరు పోసిన అగ్నిపర్వతాలన్నీ ఒకేసారి పొంగాయి. హెడ్మాస్టరు గారు బట్టలు కాపాడుకుంటూ నిద్ర గ్రాఫు దగ్గరికి వచ్చి ఆగారు. కళ్లజోడు సర్దుకున్నారు.

"ఈ పొడుగు గీత ఎవరిదండీ?"

"పేర్లు వేయకూడదని సార్ చెప్పారండీ. పీరియడ్ నంబరే వేశాను" అన్నాడు వాడు వినయంగా. పక్కనే గోడకి టైం టేబుల్ వేలాడుతోంది.

మధ్యాహ్నం వేళ మగత రావడం సహజమనీ, భోజనం చేయకపోయినా శరీరంలోని గడియారం వల్ల వస్తుందనీ నేను అందుకున్నాను. ఇదంతా శాస్త్రమే.

"అదీ చూశాను సార్. గురువారం అదే పీరియడ్ డ్రాయింగు. ఆ రోజు ఆవలింతలు రెండే."

హెడ్మాస్టరు గారు వాడి భుజం తట్టారు. "శభాష్! తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావు?"

"స్టాఫ్ మీటింగులో లెక్కపెట్టడానికి పర్మిషన్ ఇస్తారా సార్?"

స్టాఫ్ మీటింగు నడిపేది ఆయనే. ఓ క్షణం ఆలోచించి, నావైపు తిరిగారు.

"అగ్నిపర్వతాలు బాగున్నాయి మాస్టారూ. పదండి, మరోసారి చూద్దాం."