సవరణ: స్కాన్ నార్మల్ అంటే పీసీఓఎస్ లేదని కాదు

పోయిన వారం పోస్టులో, అండాశయాల స్కాన్ నార్మల్‌గా వస్తే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాలు సరిగా పనిచేయని సమస్య) లేనట్టే అని రాశాను. అది తప్పు, క్షమించండి. అది చదివి పర్లాకిమిడిలో మా వదిన రిపోర్టుల కవరు బీరువాలో పెట్టేసింది. గడ్డం కింద వెంట్రుకలు మాత్రం రోజూ అద్దం ముందు పీక్కుంటూనే ఉంది.

నెలసరి గాడి తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువవడం (అవాంఛిత రోమాలు దాని గుర్తే), స్కాన్‌లో తేడా కనిపించడం. డాక్టర్లు వాడే 2003 నాటి రోటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం పీసీఓఎస్ అని చెప్పడానికి ఈ మూడింటిలో రెండుంటే చాలు. అయితే థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) సమస్యలు కావని ముందు తేల్చుకోవాలి. థైరాయిడ్ తగ్గినా నెలసరి తప్పుతుంది, ప్రొలాక్టిన్ కూడా పెరగొచ్చు.

శ్రీకాకుళం వెళ్లి చూపించుకునేవాళ్లు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్త పరీక్ష), ప్రొలాక్టిన్ పరీక్షల గురించి కూడా అడగండి. నెలసరి తేదీలు గుర్తుపెట్టిన క్యాలెండర్ వెంట తీసుకెళ్లండి. వదిన సోమవారం బస్సెక్కుతోంది, తోడు నేనూ వెళ్తున్నాను.