మేకుల నిబంధన చాలదా?

గోడలకు మేకులు కొట్టరాదన్న నిబంధనతో సరిపోయే మన అద్దె కాగితాలు చాలవట. భవనంలో కరెంటు, నీళ్లు ఆదా చేయడానికి యజమాని, అద్దెదారు కలిసి షరతులు రాసుకునే హరిత అద్దె ఒప్పందం అనే కొత్త ఉపద్రవం మన నగరాల మీదికి వస్తోందట. భవన యజమానుల పక్షాన నోరు విప్పక తప్పడం లేదు.

మన పద్ధతిలో లోపమేముంది? ఏసీ కొనేది యజమాని, కరెంటు బిల్లు కట్టేది అద్దెదారు. కనుక యజమాని చవకైనది చూసి బిగిస్తాడు. అది ఎంత కరెంటు తాగితే ఆయనకేం? అద్దెదారు సొంత డబ్బుతో మంచిది పెట్టించడు, రేపు ఖాళీ చేసి పోవాల్సినవాడు కదా. ఎవరి లెక్కలో వారు బుద్ధిమంతులే.

ఈ సామరస్యంలో చిచ్చు పెట్టడానికే కొత్త షరతులు. ప్రతి అంతస్తుకూ విడి మీటరట. కరెంటు, నీళ్ల లెక్కలు నెలనెలా ఒకరికొకరు చూపించుకోవాలట. యజమాని మంచి యంత్రాలు పెట్టిస్తే, తగ్గిన బిల్లులోంచి కొంత ఆయనకు ముట్టజెప్పాలట. అడ్వాన్సు తిరిగి ఇచ్చే రోజున గోడలు తడిమి మేకు రంధ్రాలు లెక్కపెట్టే జాతికి ఇంత పారదర్శకత తట్టుకునే శక్తి ఉందా?

పైగా ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ మన ఒప్పందం పదకొండు నెలలు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలన్న 1908 నాటి చట్టానికి మనం కనిపెట్టిన విరుగుడు అది. పన్నెండో నెలలో ఎవరుంటారో తెలియని చోట ఏళ్ల తరబడి గిట్టుబాటయ్యే పెట్టుబడులా!

హైదరాబాదుకు పచ్చదనం కొత్త కాదు. హరిత భవనాలకిచ్చే లీడ్ రేటింగుల్లో అన్నిటికన్నా పైదైన ప్లాటినం అమెరికా బయట పొందిన తొలి భవనం, 2004లో ప్రారంభమైన, పరిశ్రమల సమాఖ్య సీఐఐ వారి గ్రీన్ బిజినెస్ సెంటర్, ఇక్కడిదే. ఆ స్ఫూర్తితో ఐటీ టవర్లలో లిఫ్టుల పక్కన హరిత రేటింగు ఫలకాలు వెలిశాయి. ఫలకం దాటి పైకి వెళ్లి చూడండి. పడమటి ఎండకు అద్దాల గోడ కాలిపోతుంటుంది. తెరలన్నీ దించేసి, పట్టపగలు లైట్లు వేసుకుని, మే నెలలో శాలువాలు కప్పుకుని ఉద్యోగులు వణుకుతూ పనిచేస్తుంటారు. స్టార్ రేటింగున్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని 2020 నుంచి కేంద్రం నియమం పెట్టింది. నియమం తప్పకుండా అక్కడే మొదలవుతున్నాయి. ఆ తర్వాత రిమోటు ఎవరి చేతిలో ఉంటే వారిదే చట్టం.

యజమానులకు నా విన్నపం ఒకటే. ఒత్తిడి మరీ పెరిగితే లాబీలో నాలుగు మనీప్లాంట్ కుండీలు పెట్టించండి. నీళ్లు పోసే ఖర్చును చదరపు అడుగుల లెక్కన మెయింటెనెన్సు బిల్లులో కలిపేయండి.